నెలకి సరిపడా మాత్రలు

మా మందుల షాపులో మానసిక జబ్బుల మాత్రలు కొనేవాళ్ళలో మా ఊరివాళ్ళు తక్కువ. పక్క ఊళ్ళవాళ్ళు, లంకలవాళ్ళు, పంటు ఎక్కి గోదావరి వశిష్ఠ పాయ దాటి వచ్చేవాళ్ళు ఎక్కువ. మా ఊరివాళ్ళు ఇవే మాత్రల కోసం ఎక్కడికి పోతారో కూడా నాకు తెలుసు. అవతలి గట్టుకి పోతారు, లేకపోతే రాజోలు పోతారు. ఊళ్ళో కొంటే పక్కన నిలబడి జ్వరం బిళ్ళ అడుగుతున్న మనిషి ఆ చీటీ చూస్తాడేమో, సాయంత్రానికి నలుగురి నోట్లో పడుతుందేమో, రేపు ఇంట్లో ఆడపిల్లకి సంబంధం వస్తే అడ్డవుతుందేమో అని భయం.

ఈ షాపు నాన్నగారు పెట్టింది. నేను బీఫార్మసీ చదివి కొన్నాళ్ళు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేశాను. నాన్నగారికి ఓపిక తగ్గాక వచ్చి కౌంటరు దగ్గర కూర్చున్నాను. పెద్దవాళ్ళు "అమ్మాయ్" అంటారు, నాకంటే చిన్నవాళ్ళు "అక్కా" అంటారు. చీటీ కౌంటరు మీద పెట్టే తీరులోనే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. షుగరు చీటీ తెరిచి పెడతారు. ఈ జబ్బుల చీటీ నాలుగు మడతలు పెట్టి అరచేతి కింద ఉంచుతారు. ముందు పారాసిటమాల్ అడుగుతారు. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని అప్పుడు చీటీ ముందుకి జరుపుతారు.

ప్రతి అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం అని సభలు పెడతారు. సిగ్గుపడకూడదు, నోరు విప్పి చెప్పుకోవాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అంటారు. అవన్నీ అవసరమే. కానీ సిగ్గు పక్కన పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళి, మందు మొదలుపెట్టి, ఆ మందుతో బాగుపడిన వాళ్ళు కూడా మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారో ఆ సభల్లో ఎవరూ మాట్లాడరు. నాకు అది కౌంటరు దగ్గర కనిపిస్తుంది. ఈ పోస్టు దాని గురించే.

లంకలో ఉండే ఒక పెద్దావిడ సంగతి చెప్తాను. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆవిడ కొడుకు ఇంటరు చదివే రోజుల్లో జబ్బు మొదలైంది. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని, అన్నంలో ఏదో కలుపుతున్నారని అనేవాడు. రాత్రుళ్ళు లేచి గట్టు వెంట నడిచి వెళ్ళిపోయేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలు కోయించారు. దాన్ని నేను తప్పుపట్టలేను. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చి, గంటసేపు ఆ పిల్లాడి పక్కన కూర్చుని, తల్లికి ధైర్యం చెప్పడానికి ఆ లంకలో ఉన్నది ఆ మంత్రం వేసే ఆయన ఒక్కడే. కొన్నేళ్ళు పోయాక ఎవరో చెబితే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. స్కిజోఫ్రీనియా అన్నారు. రిస్పెరిడోన్ రాశారు, దానికి తోడు ట్రైహెక్సిఫెనిడిల్ రాశారు.

మందు పనిచేసింది. ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది ఈ జబ్బులకి మందే లేదనుకుంటారు. కొన్ని నెలలకి ఆ కుర్రాడు కొబ్బరికాయల వలుపు పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. దారిలో కనిపిస్తే "బాగున్నారా అక్కా" అనేవాడు.

ఆసుపత్రి ఉచితం. మందులు ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కాబట్టి ఆవిడకి ప్రయాణం కూడా చాలావరకు ఉచితమే. మిగిలింది చూడండి. తెల్లవారుజామున లంక నుంచి పడవ, రేవు నుంచి ఆటో, అక్కణ్ణించి బస్సు, దిగాక మళ్ళీ ఆటో. కొడుక్కి టిక్కెట్టు కొనాలి. మధ్యాహ్నం భోజనం బయటే. ఆవిడ రొయ్యల షెడ్డులో తల తీసే పనికి వెళ్తుంది, ఆ రోజు కూలి పోతుంది. అతని కూలి పోతుంది. అతను కాస్త చికాకుగా ఉన్న నెలలో చిన్నకొడుకు కూడా తోడు వెళ్ళాలి, ఆ కూలీ పోతుంది. ఒక ఇంట్లో ఒకే రోజు ముగ్గురి కూలి పోతే అది ఉచిత వైద్యం కాదు. పైగా ఓపీ చీటీ వరసలో నిలబడి, డాక్టరు గారు చూసి, మందుల కిటికీ దగ్గరికి చేరేసరికి "నెలకి రాశారు గానీ స్టాకు తక్కువ ఉందమ్మా, పదిహేను రోజులకే ఇస్తున్నాం" అంటారు. అంటే నెలలో ఇంకోసారి ఇదంతా చేయాలి.

ఆవిడ ఇంకోసారి వెళ్ళదు. పదిహేను రోజుల మాత్రలు రోజు విడిచి రోజు వేసి నెలకి సర్దుతుంది. ఉప్పూ పప్పూ సర్దినట్టే మందునీ సర్దుతుంది. అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి "నాలుగు మాత్రలు ఇయ్యి అమ్మాయ్, సోమవారం కూలి డబ్బులొస్తాయి" అంటుంది.

ఈ జబ్బుల మందుల్లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆపిన మర్నాడు చాలావరకు ఏమీ కనిపించదు. బీపీ మాత్ర ఆపితే మిషను పెట్టి చూడగానే అంకె కనిపిస్తుంది. జ్వరం మందు ఆపితే ఒళ్ళు కాలుతుంది. రిస్పెరిడోన్ ఆపితే వారం బాగానే ఉంటాడు. రెండు వారాలు బాగానే ఉంటాడు. ఒక్కోసారి మందు వల్ల వచ్చే మత్తు తగ్గి ఇంకా హుషారుగా కనిపిస్తాడు. ఇంట్లోవాళ్ళు తగ్గిపోయిందనుకుంటారు. ఒక నెలకో, మూడు నెలలకో నిద్ర తగ్గుతుంది, మాట తగ్గుతుంది, మళ్ళీ గోడ అవతల గొంతులు మొదలవుతాయి. అప్పటికి మందు ఆపిన సంగతికీ దీనికీ ఉన్న లంకె ఎవరికీ గుర్తుండదు. "మందు వాడినా తిరగబెట్టింది, ఈ ఇంగ్లీషు మందులు మనకి పడవు" అంటారు. ఆవిడ కూడా నాతో అదే అంది. ఆ కుర్రాడు పండగ ముందు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. చాలా రోజులకి ఒక రైల్వే స్టేషన్లో దొరికాడు. ఇప్పుడు మందు వేసుకుంటున్నాడు గానీ మునుపటిలా లేడు. తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతూ వస్తుందని డాక్టర్లు చెప్తారు. అతన్ని చూస్తే నాకు అది తెలుస్తోంది.

ఆ తోడు మాత్ర సంగతి కూడా చెప్పాలి. హాలోపెరిడాల్ లాంటి పాత మందులు, కొంతవరకు రిస్పెరిడోన్ కూడా కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్న మగపిల్లలకి, కండరాలు బిగిసేలా చేస్తాయి. మెడ ఒక పక్కకి మెలి తిరుగుతుంది. కళ్ళు పైకి నిలిచిపోతాయి. నాలుక మందమై మాట రాదు. అలా కాకుండా ట్రైహెక్సిఫెనిడిల్ ఇస్తారు, షాపుల్లో పాసిటేన్ అని అడుగుతారు. పెద్ద మాత్ర కిటికీలో దొరుకుతుంది, ఈ చిన్న మాత్ర "బయట కొనుక్కోండి" అంటారు. డబ్బుల్లేక చిన్నదే కదా అని వదిలేస్తారు. రెండో రోజుకి పిల్లాడి మెడ మెలి తిరుగుతుంది. చూసినవాళ్ళకి గుండె ఆగిపోతుంది. అది మామూలుగా ప్రాణం తీసేది కాదు, ఆసుపత్రికి తీసుకెళ్తే ఫెనెర్గాన్ ఇంజెక్షనుతో చాలావరకు సర్దుకుంటుంది. కానీ ఒకసారి అది చూసిన తల్లి జన్మలో ఆ మందు కొడుక్కి వేయదు. చాలా చవక మాత్ర అది. దాని ఖరీదు వల్ల ఎవరూ ఆగిపోవడం లేదు, అది ఉండాల్సిన కిటికీలో లేకపోవడం వల్ల ఆగిపోతున్నారు.

మరి మీ షాపులో అన్నీ పెట్టొచ్చు కదా అని అడుగుతారు. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, ఎస్సిటలోప్రాం పెడుతున్నాను. మనసు ఒకసారి పొంగి ఒకసారి కుంగే బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం అడిగేవాళ్ళు మా వైపు ఒకరిద్దరే. తెప్పిస్తే పెట్టె మొత్తం తెప్పించాలి, సగం డేటు అయిపోయి పారేయాలి. అందుకే పల్లెటూరి షాపుల్లో లిథియం దొరకదు. అల్‌ప్రాజోలం, డయాజిపాం లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు ప్రభుత్వం కట్టడి పెట్టిన హెచ్-1 షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి రిజిస్టరు రాయాలి, డాక్టరు పేరూ పేషెంటు పేరూ రాసుకుని మూడేళ్ళు దాచాలి. మత్తు కోసం వాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ జాగ్రత్త కావలసిందే. కానీ తనిఖీలంటే భయపడి చాలామంది షాపులవాళ్ళు నరాల మందు, మనసు మందు అన్న ప్రతిదాన్నీ పెట్టడం మానేశారు. రిస్పెరిడోన్‌కి అలా ఎవరూ అలవాటు పడరు. అయినా అదీ వీటితో పాటే పోయింది.

లిథియం మాటొచ్చింది కాబట్టి, ఇది ఎవరైనా లిథియం వాడేవాళ్ళ ఇంట్లో చదువుతారేమోనని రాస్తున్నాను. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు లిథియంతో పాటు వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఎండలో చెమట పట్టి నీళ్ళు తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొబ్బరి దింపు పని చేసేవాళ్ళు, చేలల్లో పనిచేసేవాళ్ళు సాయంత్రం ఆర్ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షను వేయించుకోవడం మన వైపు రోజూ ఉన్నదే. లిథియం వాడే మనిషి ఆ సంగతి చెప్పడు, ఆర్ఎంపీ అడగడు. ఒంటి నొప్పికి పారాసిటమాల్ అడగండి. మూడు నాలుగు నెలలకోసారైనా రక్తంలో లిథియం ఎంతుందో చూపించుకోండి. ఆ పరీక్షకీ మళ్ళీ పట్నమే పోవాలి.

ఆర్ఎంపీల గురించి ఒక మాట. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, ఖతర్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అలా వచ్చిన ఒకావిడ నా దగ్గర బీ-కాంప్లెక్సు, నీరసం టానిక్కు కొంటూ ఉండేది. ఒళ్ళంతా మంటలు, గుండె దడ, తల తిమ్మిరి, రాత్రి రెండింటికి మెలకువ. ఊళ్ళో ఆర్ఎంపీ సెలైన్లు ఎక్కించాడు. భీమవరం వెళ్ళి ఈసీజీ, థైరాయిడ్, తల స్కానింగు అన్నీ చేయించుకుంది. "ఏమీ లేదన్నారు అక్కా, మరి నాకెందుకిలా ఉంటోంది" అని కౌంటరు దగ్గర ఏడ్చింది. అక్కడ సంపాదించిన డబ్బులో ఎంత ఆ పరీక్షలకి పోయిందో ఆవిడే చెప్పింది. చివరికి ఒక చిన్న డాక్టరమ్మ, కొత్తగా డ్యూటీలో చేరినావిడ, పిల్లల గురించి, నిద్ర గురించి, బతకాలని ఉందా అని కూడా అడిగిందట. "అంతమంది డాక్టర్లలో ఎవరూ ఆ మాట అడగలేదండీ, ఆయ్" అంది. కుంగుబాటుకి, అంటే డిప్రెషన్‌కి, ఇచ్చే ఫ్లూఓక్సెటిన్ రాసి, పది రోజులకోసారి వచ్చి కనబడమంది ఆ డాక్టరమ్మ. ఇప్పుడావిడ బాగుంది. కుంగుబాటు మన దగ్గర మనసు బాగోలేదని చెప్పుకుంటూ రాదు. నీరసమని, మంటలని, దడ అని వస్తుంది. దానికి ఊళ్ళో దొరికే వైద్యం సెలైను.

ఇదంతా మా ఒక్క ఊరి గోల కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక జబ్బు ఉందని తేలింది. అందులో వైద్యం అందనివాళ్ళు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు, 0.75 అని లెక్క. ఉన్నవాళ్ళూ పెద్ద పట్నాల్లోనే. ప్రపంచ బ్యాంకు లెక్కలో మనది అట్టడుగు పేద దేశం కాదు, దిగువ మధ్య ఆదాయ దేశం. అంతకంటే పేద దేశాల సంగతి వింటే భయమేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ధనిక దేశాల్లో మనిషికి ఏడాదికి 65 డాలర్ల దాకా మానసిక వైద్యానికి ఖర్చుపెడుతుంటే, పేద దేశాల్లో అది 0.04 డాలర్లు. మన డబ్బుల్లో నాలుగు రూపాయలు కూడా కాదు. ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే మొత్తంలో మానసిక వైద్యానికి దక్కేది సుమారు 2 శాతం. అందులోనూ పెద్ద వాటా పెద్ద మానసిక ఆసుపత్రులకే పోతుంది. మన వైపు వాళ్ళకి అలాంటి ఆసుపత్రి అంటే విశాఖ. అమలాపురం నుంచి 200 కిలోమీటర్ల పైమాటే.

జింబాబ్వేలో జరిగింది చదివినప్పుడు నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు పేషెంటు ఒకామె ఆత్మహత్య చేసుకుంది. ఆమెను మళ్ళీ చూపించడానికి తీసుకురావాలనే అనుకున్నారు, కానీ ఆసుపత్రికి రావడానికి బస్సు డబ్బులు లేవు. 15 డాలర్లు. ఆమె తల్లి చెప్పిన ఆ మాట విన్నాక ఆయన, పేషెంట్లు నా దగ్గరికి రావాలని కూర్చుంటే కుదరదనుకున్నాడు. దేశం మొత్తానికి అప్పుడు డజను మంది సైకియాట్రిస్టులు. 2006లో హరారే నగరంలోని ఎంబారే అనే పేదల పేటలో, అప్పటికే ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్న 14 మంది అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చాడు. క్లినిక్ ఆవరణలో ఒక బెంచీ. దాని మీద అమ్మమ్మ కూర్చుంటుంది, పక్కన బాధపడుతున్న మనిషి కూర్చుంటాడు. సమస్యలన్నీ చెప్పించుకుని, అందులో ఒకటి తీసుకుని, దానికి ఏం చేయొచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఆ పద్ధతి మీద పరీక్ష ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం కంటే బాగా పనిచేసిందని తేలింది. గోవాలో విక్రమ్ పటేల్ గారి బృందం కూడా డాక్టర్లు కానివాళ్ళకి శిక్షణ ఇచ్చి కుంగుబాటుకి ఇలాంటి పనే చేసి చూపించింది.

మన గోదావరి జిల్లాల్లోనే ఇలాంటి పని జరిగిందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు పాత పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దిగులుగా ఉంటోందా అని వరసగా ప్రశ్నలు అడగడం, ఇబ్బంది ఉన్నవాళ్ళని పీహెచ్‌సీ డాక్టరుకి చూపించడం, ఏం మందు ఎంత ఇవ్వాలో ఆ డాక్టరుకి కూడా ట్యాబులోనే దారి చూపించడం. 2017లో వచ్చిన వాళ్ళ వ్యాసం ప్రకారం, కుంగుబాటూ ఆందోళనా ఉన్నట్టు తేలినవాళ్ళలో వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు అంతకుముందు 0.8 శాతం ఉంటే తరువాత 12.6 శాతం అయ్యారు. తక్కువే అనిపించొచ్చు. డాక్టరు రాకుండా, కొత్త ఆసుపత్రి కట్టకుండా, ఊళ్ళో ఉన్న ఆశా అడగడం వల్ల ఇంత మార్పు వచ్చింది. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఆశాల మీద ఇంకో పని పెట్టమని నోటితో చెప్పేయడం మాత్రం న్యాయం కాదు. మా ఊరి ఆశా గర్భిణుల లెక్క, టీకాలు, టీబీ, దోమల సర్వే, బీపీ షుగరు లాంటి జబ్బుల ఎన్‌సీడీ సర్వే అన్నీ ఒక్కతే చూస్తుంది. రాత్రి పదింటికి ఫోనులో ఎంట్రీలు చేస్తూ కనిపిస్తుంది. ఈ పని కూడా ఇవ్వాలంటే దానికి వేరే డబ్బు ఇవ్వాలి, ఎవరి కష్టాలో వినీ వినీ అలిసిపోయిన రోజున ఆమె చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. డ్వాక్రా సంఘాల్లో నలుగురి మాట ఓపిగ్గా వినే పెద్ద ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. జింబాబ్వే అమ్మమ్మలు చేసే పని వాళ్ళు చేయగలరని నా నమ్మకం.

చట్టం లేదా అంటే మంచి చట్టమే ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు అంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా, ఎప్పుడూ దొరకాలంది. ఈ చివరి మాటే మా పెద్దావిడకి కావలసింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో నాలుగు జిల్లాలతో మొదలై దేశమంతా వచ్చింది. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైను వచ్చింది. 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఉంటుంది. ఆ నంబరు నేను మందుల కవర్ల మీద రాసి ఇస్తాను. బతకాలని లేదని ఇంట్లో ఎవరైనా అంటే దాన్ని మాటవరసకి అన్నారనుకోకండి. దగ్గర కూర్చోండి, ఆ నంబరుకి చేయండి, ఒంటరిగా వదలకండి.

ప్రభుత్వం పెట్టిన ఈ-సంజీవనిలో డాక్టరు ఫోనులో కనిపించొచ్చు. మాత్ర మాత్రం ఫోనులో రాదు.

2022 జూలై వరద గుర్తుందా. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పడవల మీద పాలు, మంచినీళ్ళు, బియ్యం, కొవ్వొత్తులు వచ్చాయి. మా వైపు పెట్టిన శిబిరంలో జ్వరానికి, విరేచనాలకి, పాముకాటుకి మందులున్నాయి. ఫిట్స్ మాత్రలు లేవు, రిస్పెరిడోన్ లేదు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదకి వస్తుంది. గోదావరి ప్రతి ఏడాదీ జూలై ఆగస్టుల్లో వస్తుందని అందరికీ తెలుసు. జూన్‌లోనే లంకల్లో ఈ మందులు వాడేవాళ్ళకి రెండు నెలల మాత్రలు ఇచ్చేస్తే సరిపోతుంది. దానికి కొత్త పథకం అక్కర్లేదు, పేర్ల జాబితా చాలు.

పింఛను గురించి కూడా రాయాలి. మానసిక జబ్బుతో పనిచేయలేని వాళ్ళకి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ధ్రువపత్రం, ఉంటే ఇప్పుడు నెలకి 6000 రూపాయలు వస్తుంది. ఆ డబ్బుతోనే కొన్ని ఇళ్ళల్లో మందు సాగుతోంది. కానీ సర్టిఫికెట్టు కోసం స్లాటు, క్యాంపు, ఆ రోజు సైకియాట్రిస్టు ఉండటం, అన్నీ కుదరాలి. చేయి లేకపోతే కనిపిస్తుంది. ఈ జబ్బు క్యాంపు రోజున మందు ప్రభావంతో కుదురుగా కూర్చున్న మనిషిలో కనిపించదు. మందు వేసి తీసుకెళ్తే బాగున్నాడంటారేమోనని, పరీక్షకి ముందు వారం మాత్రలు ఆపేసి తీసుకెళ్ళిన ఇల్లు నాకు తెలుసు. వాళ్ళని ఏమనాలి?

బీపీ, షుగరు మాత్రలు ఇప్పుడు మా ఊరి విలేజ్ క్లినిక్‌లోనే ఇస్తున్నారు. ముసలివాళ్ళు నడిచి వెళ్ళి తెచ్చుకుంటున్నారు. నేను కోరేది అదే అలమరలో ఇంకో నాలుగైదు మందులు. రిస్పెరిడోన్, ట్రైహెక్సిఫెనిడిల్, ఫ్లూఓక్సెటిన్, ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్, మాత్ర మింగనని మొండికేసే వాళ్ళకి నెలకోసారి నర్సు వేసే ఫ్లూఫెనజైన్ ఇంజెక్షను. సైకియాట్రిస్టు ఆరు నెలలకోసారి చూసినా, ఫోనులో చూసినా, నెల మాత్రలు మాత్రం ఊళ్ళోనే, బీపీ మాత్రలిచ్చే రోజునే, అదే రకం కవరులో ఇవ్వాలి. ఏ కవరులో ఏముందో పక్కవాళ్ళకి తెలియదు.

సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. మా పీహెచ్‌సీ ఫార్మసిస్టు గారిని కలిసి మాట్లాడాను. ప్రభుత్వ మందుల స్టాకు చూసే ఈ-ఔషధిలో ఇండెంటు, అంటే మందులు పంపమనే చీటీ, పెట్టాలంటే ఎంతమందికి ఎన్ని మాత్రలు కావాలో లెక్క కావాలన్నారు. వాడేవాళ్ళ పేర్లు రికార్డులో లేవు, ఎందుకంటే అందరూ బయట కొంటున్నారు. లెక్క లేదు కాబట్టి ఇండెంటు లేదు, మందు లేదు కాబట్టి ఎవరూ క్లినిక్‌కి రారు, రారు కాబట్టి లెక్క లేదు. పేర్లు లేకుండా, ఏ మాత్ర నెలకి ఎన్ని పోతోందో నా షాపు బిల్లుల నుంచి తీసి ఆయనకి ఇస్తానన్నాను. రాజోలులో, అవతలి గట్టున తెలిసిన షాపులవాళ్ళని కూడా అడుగుతున్నాను. కొందరు ఒప్పుకున్నారు. మీలో ఎవరైనా డెల్టాలో మందుల షాపు నడుపుతుంటే మీరూ ఆ అంకెలు తీసి మీ పీహెచ్‌సీలో ఇవ్వండి. పేషెంటు పేరు ఒక్కటి కూడా రాయొద్దు. మందు పేరు, ఎంత పవరు, నెలకి ఎన్ని మాత్రలు, అంతే. ఎలా రాయాలో తెలియకపోతే కామెంటులో అడగండి, నేను వాడుతున్న కాగితం నమూనా పంపుతాను.